జొన్న రొట్టె ఊళ్లో బర్గర్ ముచ్చట్లు

సాయంత్రం ఆరు దాటితే ఆసిఫాబాద్ రోడ్ల పక్కన బండ్ల మీద గ్యాస్ పొయ్యిలు భగ్గుమంటాయి. బండికి మూడు వైపులా ఎర్ర అక్షరాల ఫ్లెక్సీ: ‘ఫాస్ట్‌ఫుడ్ సెంటర్’. నల్లగా మాడిన కడాయిలో నూనె కాగి పొగ లేస్తుంది. క్యాబేజీ తరుగు ఓ పిడికెడు, ముందే ఉడికించి నూనె రాసి పెట్టిన నూడుల్స్ ఓ గుప్పెడు, సోయా సాస్ నాలుగు చుక్కలు, టేస్టింగ్ సాల్ట్ ఓ చిటికెడు. గంటె కడాయికి టకటకా తగిలే చప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంది. “అన్నా, హాఫ్ ఎగ్ నూడుల్స్... కారం జర ఎక్కువెయ్యి” అని కాలేజీ పిల్లగాడు అడిగిన నాలుగు నిమిషాలకు ప్లేటు చేతిలో ఉంటుంది.

లోకమంతా ఫాస్ట్‌ఫుడ్ అంటే బర్గర్, పిజ్జా, వేయించిన చికెన్. మా దిక్కు ఆ మాటకు నూడుల్స్, మంచూరియా, ఫ్రైడ్ రైస్ అని అర్థం. పెద్ద కంపెనీల కన్నా ముందు వాటి మాట వచ్చింది, మాట వెంట రుచి వచ్చింది, రుచి వెంట సాస్ సీసాలూ నూనె ప్యాకెట్లూ వచ్చాయి. ఈ మంచూరియాకు చైనాలోని మంచూరియాతో చుట్టరికం లేదు. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటమాస్టర్, కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి మనిషి, చికెన్ ముక్కలకు అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, సోయా సాస్ జోడించి చేసిన వంట అది. రెండు నిమిషాల మ్యాగీ మన దేశానికి వచ్చింది 1983లో. అదే ఏడు మన పళ్లెంలో ఇంకా పెద్ద మార్పు ఒకటి మొదలైంది. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ఎవరు పెద్ద?

ఫాస్ట్‌ఫుడ్ అనగానే తలపుకొచ్చే పేరు మెక్‌డొనాల్డ్స్. 1940లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన హోటల్ అది. 1955లో రే క్రాక్ చేరాక పెద్ద గొలుసుగా మారింది. 2024 చివరికి వందకు పైగా దేశాల్లో 43 వేలకు మించి దుకాణాలు. అయినా దుకాణాల లెక్కలో ఇప్పుడు దాన్ని దాటింది చైనాకు చెందిన మిషువే. 1997లో జెంగ్‌జౌ నగరంలో మొదలై, చవక ఐస్‌క్రీం, నిమ్మ షర్బత్, పాల టీ అమ్ముతూ 45 వేలు దాటింది.

డామినోస్ పిజ్జాకు అమెరికా బయట అన్నింటికన్నా పెద్ద దేశం మనదే. 1996 జనవరిలో ఢిల్లీలో ఒక్క దుకాణంతో మొదలైంది. 2024లో రెండు వేలు దాటాయి.

మాస్కోలో పుష్కిన్ చౌరస్తా దగ్గర 1990 జనవరి 31న తొలి మెక్‌డొనాల్డ్స్ తలుపు తెరిస్తే ఒక్క రోజులో ముప్పై వేల మంది తిన్నారు. గడ్డకట్టే చలిలో గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక కంపెనీ రష్యా నుంచి పూర్తిగా వెళ్లిపోయింది. అవే దుకాణాలు ఇప్పుడు వేరే పేరుతో నడుస్తున్నాయి.

ఒక మనిషి జీవితంలో తిన్న బిగ్ మ్యాక్ బర్గర్ల రికార్డు అమెరికాలోని విస్కాన్సిన్ వాసి డొనాల్డ్ గోర్‌స్కేది. 1972 మే నెలలో మొదలుపెట్టి 34 వేలు దాటించాడు. గిన్నిస్ వాళ్లు లెక్క రాసుకుంటూనే ఉన్నారు. మన వైపు రికార్డు బిర్యానీది. 2023లో హైదరాబాద్‌కు చెందిన ఒక్కరే స్విగ్గీలో 1,633 బిర్యానీలు తెప్పించుకున్నారు. రోజుకు నాలుగు కన్నా ఎక్కువ. ఒక్కరే తిని ఉండరు, ఎక్కడో ఒక ఆఫీసు ఆకలి అందులో ఉండి ఉంటుంది.

ఇంగ్లండ్ న్యాయస్థానాల చరిత్రలో అతి ఎక్కువ రోజులు నడిచిన విచారణ కూడా ఈ తిండి మీదే. హెలెన్ స్టీల్, డేవ్ మోరిస్ అనే ఇద్దరు మామూలు మనుషులు మెక్‌డొనాల్డ్స్‌ను విమర్శించే కరపత్రాలు పంచినందుకు కంపెనీ పరువునష్టం దావా వేసింది. వకీలును పెట్టుకునే స్థోమత లేక వాళ్లిద్దరే వాదించుకున్నారు. కోర్టు 313 రోజులు కూర్చుంది. 1997లో తీర్పు చాలావరకు కంపెనీ వైపే వచ్చింది గానీ, కొన్ని ఆరోపణలు నిజమేనని జడ్జి ఒప్పుకున్నారు. 2005లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం వాళ్లిద్దరికీ న్యాయమైన విచారణ దొరకలేదని చెప్పింది.

గొడ్డు మాంసం లేని మొదటి దుకాణం

1996 అక్టోబర్‌లో ఢిల్లీలోని వసంత్ విహార్‌లో తెరిచిన మెక్‌డొనాల్డ్స్‌కు ప్రపంచ రికార్డు ఒకటి ఉంది. గొడ్డు మాంసం అమ్మని తొలి మెక్‌డొనాల్డ్స్ అదే. వంటగదిలో శాకాహారానికీ మాంసాహారానికీ వేర్వేరు పొయ్యిలు, వేర్వేరు పాత్రలు పెట్టారు. కంపెనీ మన దేశాన్ని మార్చిందని అంటారు గానీ, అంతకు ముందు మన దేశం దాని వంటగదిని మధ్యకు గీత గీసి పంచింది.

ఆలుగడ్డ టిక్కీని బన్నులో పెట్టి అమ్మాక ఇక్కడ వ్యాపారం నిలదొక్కుకుంది. మా వాంకిడి దాటితే మహారాష్ట్ర. అటువైపు నుంచి వచ్చే వడాపావ్ మాకు కొత్త కాదు. ఆలుగడ్డ ఉండను పావులో పెట్టి కారం చల్లే పని 1966లో ముంబై దాదర్ స్టేషన్ బయట అశోక్ వైద్య మొదలుపెట్టాడని చెబుతారు. అంటే బన్నులో ఆలుగడ్డ మనవాళ్లకు ముప్పై ఏళ్ల ముందే తెలుసు.

వివిధ దేశాల డబ్బు అసలు విలువ పోల్చడానికి ‘ది ఎకనామిస్ట్’ పత్రిక 1986 నుంచి బిగ్ మ్యాక్ ధరను కొలమానంగా వాడుతోంది. మన దేశంలో ఆ బర్గర్ దొరకదు కాబట్టి చికెన్‌తో చేసే మహారాజా మ్యాక్ ధర తీసుకుంటారు. మన రూపాయిని కోడి కూరతో తూచుతున్నారన్న మాట.

ఆ కోడి కూడా మనదే

ఈ మాట తెలంగాణలో ఎక్కువ మందికి తెలియదు. విదేశీ గొలుసు దుకాణాలకు మన దేశంలో చికెన్ పంపే కంపెనీల్లో పెద్ద పేరు వెంకీస్. దాని మూలం వెంకటేశ్వర హేచరీస్, 1971లో మొదలైంది. మొదలుపెట్టింది తెలుగువాడు, బండా వాసుదేవరావు. అందరూ బి.వి. రావు అనేవారు. హైదరాబాద్ దగ్గర కొద్దిపాటి కోడిపిల్లలతో మొదలై పుణె కేంద్రంగా ఎదిగాడు. గుడ్డు ధరను దళారులు నిర్ణయించే కాలంలో పెంపకందారులను కూడగట్టి 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని నిలబెట్టాడు. రోజూ పేపర్లో గుడ్డు ధర వేస్తారు చూడండి, ఆ ఏర్పాటు అప్పటిదే. 1996లో ఆయన పోయాడు. 2010 నవంబర్‌లో ఆయన కుటుంబపు కంపెనీ ఇంగ్లండ్‌లో వందేళ్లు దాటిన ఫుట్‌బాల్ క్లబ్బు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. ఒక భారతీయ కంపెనీ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ క్లబ్బుకు యజమాని కావడం అదే మొదలు.

2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో మాంసాహారుల శాతం దేశంలో అన్నింటికన్నా తెలంగాణలో ఎక్కువ అని తేలింది. దాదాపు 99. చికెన్ దుకాణం పెట్టాలనుకునే ఏ కంపెనీకైనా ఇంతకన్నా చక్కటి పొలం దొరకదు.

అయితే పండుగకూ పబ్బానికీ మా పల్లెల్లో నాటుకోడిదే పెద్దరికం. దాని బొక్క గట్టిది, ఉడకడానికి గంట పడుతుంది. నాలుగు నిమిషాల్లో ప్లేటులోకి రాని కోడి ఫాస్ట్‌ఫుడ్‌కు పనికిరాదు. ఆరు వారాల్లో కోతకొచ్చే మెత్తటి బ్రాయిలర్ లేకపోతే ఈ వ్యాపారమే లేదు. తిండి వేగం పెరిగితే ముందు కోడి వయసు తగ్గింది.

బెంగళూరులో పగిలిన అద్దాలు

మన దేశంలో కేఎఫ్‌సీ మొదటి దుకాణం బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో 1995 జూన్‌లో తెరిచారు. ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వంలోని కర్ణాటక రాజ్య రైతు సంఘం గట్టిగా ఎదిరించింది. మనుషులు తినాల్సిన గింజలు కోళ్ల దాణాకు పోతాయన్నది వాళ్ల బాధల్లో ఒకటి. కోడి వంటలో అజినోమోటో హద్దు మీరిందని నగరపాలక సంస్థ లైసెన్సు రద్దు చేస్తే, కోర్టుకు వెళ్లి దుకాణం మళ్లీ తెరిచారు. 1996 జనవరి 30న, గాంధీ వర్ధంతి నాడు, రైతు సంఘం వాళ్లు లోపలికి చొరబడి అద్దాలు పగలగొట్టారు.

దుకాణం నిలిచింది. అజినోమోటో మాత్రం దుకాణం గోడలు దాటి దేశమంతా పాకింది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు రసం నుంచి విడదీసిన రుచి అది. ఇవాళ ఆసిఫాబాద్ బండి మీద ‘టేస్టింగ్ సాల్ట్’ అనే పేరుతో డబ్బాలో ఉంది. కోర్టు దాకా వెళ్లిన పదార్థం ఇప్పుడు ఎవరూ అడగకుండానే ప్లేటులో పడుతోంది.

బర్గర్‌ను సాగనంపిన రొట్టె

దక్షిణ ఇటలీలో ఆల్తమూర అనే ఊరుంది. గోధుమ రొట్టెకు పేరుమోసిన ఊరు. 2001లో ఊరి నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ తెరిచారు. పిల్లలకు పుట్టినరోజు పార్టీలు, కూపన్లు, పెద్ద వెలుగుల బోర్డు. కొన్నాళ్లకు దాని పక్కనే లూకా డిజేసు అనే రొట్టెలు కాల్చే మనిషి చిన్న దుకాణం పెట్టాడు. గొడవ పడలేదు, ఊరేగింపు తీయలేదు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన ఫొకాచ్చా అనే మందపాటి రొట్టె, దాని మీద ఊరి టమాట, ఊరి ఆలివ్ నూనె. అంతే. ఊరివాళ్లు రొట్టె వైపు నడిచారు. 2002 డిసెంబర్ నాటికి బర్గర్ దుకాణం మూతపడింది.

ఈ కథ వింటే నాకు ఒకటే తోస్తుంది. ఆ ఊళ్లో గోధుమ చేను చుట్టుపక్కలే ఉంది. పిండి పట్టే గిర్ని ఉంది. పొయ్యి నడిపే మనిషి ఉన్నాడు. తినే నాలుక ఆ రుచి మరచిపోలేదు. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా డిజేసు ఒక్కడు ఏమీ చేయగలిగేవాడు కాదు.

అదే ఇటలీలో 1986లో రోమ్ నగరపు స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ వస్తుందంటే జనం వీధిలోకి వచ్చారు. అక్కడి నుంచి కార్లో పెత్రీని ‘స్లో ఫుడ్’ ఉద్యమం నడిపాడు. బొలీవియాలో 1997లో తెరిచిన మెక్‌డొనాల్డ్స్ 2002లో సర్దుకుని వెళ్లింది. ఐస్‌లాండ్‌లో 2009లో మూతపడింది. అక్కడ ఆఖరి రోజు కొన్న ఒక బర్గర్‌ను పాడవకుండా ఏళ్ల తరబడి గాజు పెట్టెలో ప్రదర్శనకు పెట్టారు.

జపాన్‌లో కథ తిరగబడింది. 1974 నుంచి కేఎఫ్‌సీ చేసిన ప్రచారంతో, క్రైస్తవులు ఒక శాతం అటూఇటుగా మాత్రమే ఉన్న ఆ దేశంలో, క్రిస్మస్ అంటే వేయించిన చికెన్ బకెట్ అయి కూర్చుంది. ముందే ఆర్డర్ ఇచ్చి తెచ్చుకుంటారు. ఒక కంపెనీ ఒక దేశానికి పండుగ వంట నేర్పడం ఇంకెక్కడా ఇంత గట్టిగా జరగలేదు.

జొన్నను గెలిచింది ఎవరు?

ఇప్పుడు మా ఇంటి సంగతి. చిన్నప్పుడు మా అవ్వ పొద్దున్నే గట్క వండేది. జొన్నలు రోట్లో దంచి, చెరిగి, రవ్వ తీసేది. ఎసరు మరిగాక రవ్వ పోసి కర్ర తెడ్డుతో కలుపుతూనే ఉండేది, చేయి ఆగితే ఉండ కడుతుంది. గట్టిపడ్డాక ఇత్తడి గిన్నెలో ముద్దలా వేసి, నడుమ గుంట చేసి పప్పు పోసేది. మిగిలింది రాత్రి నీళ్లలో వేస్తే తెల్లారి చల్ల కలుపుకుని తాగే అంబలి. ఎండాకాలం చేనుకు పోయేవాళ్లకు అదే బలం. గోండు గూడేల్లోనూ జొన్నే ప్రధానం. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమురం భీం నేలకొరిగాక ఈ ప్రాంతానికి వచ్చి ఏళ్ల తరబడి గోండుల జీవితం రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పుస్తకం 1948లో అచ్చయింది. దాని నిండా జొన్న చేల కబుర్లే.

ఆ జొన్న ఏమైంది? బర్గర్ తినేసిందా? లేదు. బర్గర్ మా జిల్లా మ్యాపు చూడక ముందే జొన్న పళ్లెం దిగిపోయింది.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని చిన్నచూపు చూడటం నావల్ల కాదు. మా అవ్వ తరానికి తెల్లన్నం పండుగ నాటి తిండి. అది రోజూ దొరుకుతుంటే ఎవరు వద్దంటారు? జొన్న దంచడమంటే రోజూ రెండు గంటలు ఆడవాళ్ల భుజాల నొప్పి. బియ్యం వచ్చాక రోకలి మూలకు చేరింది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్న బియ్యమే ఇస్తున్నారు.

రెండో దెబ్బ చేనులో పడింది. నల్లరేగడి నేలల్లో పత్తి పరుచుకుంది. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చాక ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఏ దిక్కు చూసినా పత్తే. యాసంగిలో కొంత జొన్న ఇంకా వేస్తున్నారు గానీ, వానాకాలం చేను పత్తిది. పత్తి తింటే కడుపు నిండదు, అమ్మితే చేతికి డబ్బు వస్తుంది, డబ్బుతో దుకాణానికి వెళ్లాలి. దుకాణంలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, పది రూపాయల నూడుల్స్ ప్యాకెట్ తోరణాల్లా వేలాడుతుంటాయి. చేనుకూ పళ్లేనికీ నడుమ దుకాణం వచ్చిన చోట ఏ రుచైనా దూరగలదు. పెద్ద కంపెనీలకు దారి వేసింది ప్రకటనలు ఒక్కటే కాదు. మేం ఖాళీ చేసిన చోటు కూడా.

ఆలుగడ్డ రైతుల కథలోనూ ఇదే ముడి ఉంది. తొలినాళ్లలో మెక్‌డొనాల్డ్స్ వేపుడు ముక్కలు విదేశాల నుంచి వచ్చేవి. తర్వాత మెక్‌కెయిన్ కంపెనీ గుజరాత్‌లోని మెహసానాలో పొడవాటి ఆలుగడ్డ పండించే పద్ధతి రైతులకు నేర్పి, ముందే ధర చెప్పి కొన్నది. బిందు సేద్యం పెరిగింది, రాబడి కుదిరింది. ఈ మేలు దాచి రాస్తే అబద్ధమే. అదే గుజరాత్‌లో 2019లో పెప్సీకో తన చిప్స్ రకం ఎఫ్‌సీ-5 ఆలుగడ్డను అనుమతి లేకుండా పండించారని చిన్న రైతుల మీద ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా దావా వేసింది. దేశమంతా గగ్గోలు లేచాక ఆ ఏడాది మేలో వెనక్కి తీసుకుంది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు విత్తనం ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తలుపు తడుతుంది.

బన్నులో తిరిగొచ్చిన గింజ

మన దేశం అడగగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది మెక్‌డొనాల్డ్స్ దక్షిణ, పశ్చిమ భారతంలో కొత్త బన్ను తెచ్చింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థతో కలిసి తయారు చేసిన ఆ బన్నులో ఐదు చిరుధాన్యాలు: సజ్జ, రాగి, వరిగ, అరికె, జొన్న. దీన్ని మించిన వింత ఈ మొత్తం ముచ్చట్లలో నాకు కనబడలేదు. మేం పాతబడిందని పక్కన పెట్టిన గింజ, కొంచెం ఎక్కువ ధర చెల్లిస్తే బర్గర్‌కు పైకప్పై వస్తోంది.

జొన్న మీద మంచి పరిశోధన చేసే రెండు సంస్థలూ తెలంగాణలోనే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ మొదట జొన్న పరిశోధన కేంద్రమే. 1972లో మొదలైన ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది. ఇక్రిశాట్ సాయంతోనే గిరిజన సంక్షేమ శాఖ ‘గిరి పోషణ’ పేరుతో ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఏజెన్సీల పిల్లలకూ తల్లులకూ జొన్న, చిరుధాన్యాల ఆహారం అందించింది. ఆ పదార్థాలు తయారు చేసింది ఆదివాసీ మహిళల సంఘాలు. గింజ దంచే భుజం నొప్పి మర తీసుకుంది, కూలి మహిళ చేతికి వచ్చింది.

నూనె తాగే ఆడపడుచు

నార్నూర్‌లో ఏటా పుష్య మాసంలో ఖాందేవ్ జాతర జరుగుతుంది. తొడసం వంశం వాళ్ల దేవుడు. ఆ వంశపు ఆడపడుచు దేవుడి ముందు రెండు కిలోలకు పైగా నువ్వుల నూనె తాగుతుంది. ఇళ్లల్లో నువ్వులు దంచి తీసి, భక్తులు తెచ్చిన నూనె అది. పంటలు బాగుండాలని, ఊరు చల్లగా ఉండాలని మొక్కు. బయటివాళ్లు రికార్డుల పుస్తకంలో వేయదగిన వింతగా చూస్తారు. నాకు అందులో వేరే సంగతి కనబడుతుంది. ఆ నూనె ఎవరి చేనులోదో, ఎవరు తీశారో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

బండి మీది నూనె ఎక్కడిదో బండివాడికే తెలియదు. ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది మన దేశం. ఇండోనేషియా, మలేషియా తోటల నుంచి ఓడల్లో వస్తుంది. చవక, ఎక్కువసేపు కాగినా తట్టుకుంటుంది, అందుకే గొలుసు దుకాణం నుంచి బజ్జీల బండి దాకా అదే. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు 25 శాతం దాటితే వాడొద్దని ఆహార భద్రతా సంస్థ 2018లో నియమం పెట్టింది. పెద్ద దుకాణంలో దాన్ని కొలిచే పరికరం ఉంటుంది. బండి దగ్గర కొలిచేది కంటిచూపే.

మాయోనైజ్ సంగతీ ఇలాంటిదే. పచ్చి గుడ్డుతో చేసే ఈ తెల్లటి ముద్ద బర్గర్ దుకాణాల్లోంచి బయటికొచ్చి మోమోలు, షవర్మా బండ్లకు చేరింది. చల్లగా దాచకపోతే ఎండకు గంటల్లో చెడుతుంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక తల్లి ప్రాణం పోయింది, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మాయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. రుచి ఊరూరికీ పాకినంత సులువుగా ఫ్రిజ్ పాకలేదు.

ఇప్పపూలు, సకినాలు, మహా లడ్డూ

మార్చి, ఏప్రిల్ నెలల్లో తిర్యాణి, కెరమెరి అడవుల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద పూలు రాలి పసుప్పచ్చగా పరుచుకుంటాయి. ఎండ ఎక్కకముందే ఏరాలి. ఆ పూలను ఎండబెట్టి, వేయించి, నువ్వులూ పల్లీలూ బెల్లంతో దంచి ఉట్నూరులో ఆదివాసీ మహిళలు లడ్డూలు కడుతున్నారు. ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు రక్తహీనత తగ్గడానికి ఇవి ఇచ్చారు. 2025 మార్చి 30న ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆదిలాబాద్ అక్కాచెల్లెళ్ల ఇప్పపూల వంటకాల గురించి చెప్పాక దేశానికి కూడా తెలిసింది. సారాకు పుట్టిల్లని పేరుపడిన పువ్వు బడిపిల్లల పలహారమైంది.

కరీంనగర్ వైపు సకినాలది ఇంకో దారి. కొత్త బియ్యం నానబెట్టి, పిండి కొట్టించి, నువ్వులూ వామూ కలిపి, తెల్లటి గుడ్డ మీద వేళ్ల సందుల్లోంచి పిండి తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. మర చేసిన సకినం ఇప్పటికీ చేతి సకినమంత కరకరలాడదు. అందుకే సంక్రాంతి ముందు వాడకట్టుల్లో పది మంది ఆడవాళ్లు కూర్చుని కిలోల లెక్కన చేసి ఇస్తున్నారు. డబ్బాల్లో సర్దుకుని అవి డాలస్, న్యూజెర్సీ బిడ్డల దగ్గరికి విమానమెక్కుతున్నాయి.

పరిమాణంలో మాత్రం తెలుగువాళ్ల రికార్డు తూర్పు గోదావరిది. 2016 సెప్టెంబర్ 6న తాపేశ్వరంలో పి.వి.వి.ఎస్. మల్లికార్జునరావు చేయించిన వినాయకుడి లడ్డూ 29,465 కిలోలు తూగి గిన్నిస్‌కెక్కింది. హైదరాబాద్ హలీందీ ఒక రికార్డే: 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది, మన దేశంలో ఆ గుర్తింపు దక్కిన తొలి మాంసాహార వంటకం అదే.

2025లో ఇంకో విశేషం తోడైంది. అమెరికా బయట మెక్‌డొనాల్డ్స్ అతి పెద్ద కార్యాలయం హైదరాబాద్‌లో తెరిచారు. ఒప్పందం మార్చిలో, ప్రారంభం అక్టోబర్‌లో. లక్షా 56 వేల చదరపు అడుగులు, రెండు వేల ఉద్యోగాల మాట. ఒప్పందం రోజున ముఖ్యమంత్రి కంపెనీని, సరుకులు తెలంగాణ రైతుల దగ్గర కొనమని అడిగారు. అది అమలైతే, మా యాసంగి జొన్నకు అందులో చోటుండాలని నా కోరిక.

మొన్న సాయంత్రం నూడుల్స్ బండికి పది అడుగుల దూరంలో ఒక పెద్దమ్మ కట్టెల పొయ్యి వెలిగించి కూర్చుంది. పిండిలో వేడినీళ్లు పోసి పిసికి, పీట మీద చేత్తో తడుతూ తిప్పుతోంది. రొట్టె అంచు ఎక్కడా చిట్లలేదు. పెనం మీద వేసి తడిగుడ్డతో ఒకసారి తుడిచి, తిరగేసి, నిప్పుల పక్కకు జరిపితే బుస్సున పొంగింది. లెక్కపెట్టాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. షుగరున్న పెద్దవాళ్లు, వాళ్ల వెంట పిల్లలు, అందరూ వరుసలో ఉన్నారు.

“జొన్నలు ఎక్కడియి పెద్దమ్మా, మీ చేనుయేనా?” అని అడిగాను.

“మా చేనంత పత్తే బిడ్డా. దుకాణంల కొన్న.” పిండి ముద్ద ఇంకోటి చేతిలోకి తీసుకుంది. “పార్సిలా, ఈడనే తింటవా?”